ఎలుకలు లేని పన్నెండేళ్ళు

వరి కోతలయిన తరవాత పొలంగట్ల వెంట నడుస్తూంటే అక్కడక్కడా గుండ్రటి కన్నాలు కనిపిస్తాయి. వాటి ముందు కొత్తగా తవ్విపోసిన మట్టి ఉంటుంది. అవి ఎలుక కలుగులని మీకు చెప్పనవసరం లేదు. ఎలుకలు పట్టటంలో ఆరితేరిన యానాదులు ఆ కలుగును నేర్పుగా తవ్వుకుంటూ పోతే లోపల ఒకచోట వరి కంకులు కుప్పగా దొరుకుతాయి. పొలం రైతు అది చూసి, "నా కష్టమంతా ఈ పాడు ఎలుక దోచుకుపోయింది!" అంటాడు. ఆయన అలా అనటంలో తప్పేమీ లేదు.

కాని రైతు లేని చోటు సంగతేమిటి? అక్కడ దుక్కి లేదు, విత్తటం లేదు, నీరు కట్టటం లేదు. దానంతట అది మొలిచిన మొక్కే గాని ఒకరు నాటిన మొక్క లేదు. అలాంటి చోట ఎలుక నేల తవ్వి, గింజలు పోగు చేసుకుంటే ఎవరికి నష్టం? ఎవరికి లాభం? ఒకవేళ ఆ ఎలుకలన్నిటినీ అక్కడి నుంచి తీసేస్తే ఏమవుతుంది?

ఏమవుతుందో మీరూ ఒకసారి ఊహించి పెట్టుకోండి. అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు నిజంగానే ఆ పని చేసి చూశారు. వాళ్ళు చూసినదేమిటో తెలుసుకోవాలంటే ముందుగా ఆ ఎలుకతో పరిచయం చేసుకోవాలి.

ఉత్తర అమెరికా పడమటి భాగంలో పెద్ద పెద్ద ఎడారులున్నాయి. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఆరిజోనా, న్యూమెక్సికో రాష్ట్రాల నుంచి దక్షిణాన మెక్సికో దేశం దాకా వ్యాపించినది చివావా ఎడారి. ఎడారి అనగానే మీకు ఇసుక తిన్నెలు గుర్తు రావచ్చు. ఇది అలాంటిది కాదు. గట్టి నేల, గులకరాళ్ళు, దూరదూరంగా ముళ్ళ తుప్పలు, మధ్య బోడి నేల. మనం కరువుసీమ అని చెప్పుకునే అనంతపురంలో ఏడాదికి దాదాపు 22 అంగుళాల వాన పడుతుంది. మనం చెప్పుకోబోయే చోట పడేది అందులో సగానికి కాస్త ఎక్కువ. అదైనా కొంత చలికాలంలోనూ, కొంత వేసవిలోనూ పడుతుంది.

అక్కడ కంగారూ ఎలుకలనే జీవులున్నాయి. పేరులో కంగారూ ఉన్నా ఆస్ట్రేలియాలోని కంగారూలతో వీటికి ఏ చుట్టరికమూ లేదు. మన ఇళ్ళలో తిరిగే ఎలుకలతో కూడా దగ్గిర బంధుత్వం లేదు. వెనక కాళ్ళు పొడుగు, ముందు కాళ్ళు పొట్టి. నాలుగు కాళ్ళ మీద పరిగెత్తకుండా వెనక కాళ్ళ మీదనే గెంతుతూ పోతుంది గనక ఆ పేరు పెట్టారు. ఒంటికంటె తోక పొడుగు. తోక చివర కుచ్చు ఉంటుంది. వీటిలో ఒక జాతికి ఆ కుచ్చు తెల్లగా, జెండాలాగా ఉంటుంది. దీన్ని మనం జెండాతోక ఎలుక అందాం. దాని బరువు 120 గ్రాములు, అంటే ఒక పెద్ద జామకాయంత. మిగిలిన జాతులలో కొన్ని ఇందులో మూడో వంతే ఉంటాయి.

మరొక వింత చూడండి. ఈ ఎలుకకు నోటికి రెండు పక్కలా బుగ్గసంచులు ఉంటాయి. కోతి బుగ్గల వంటివి కావు. కోతి తన బుగ్గ లోపల దాచుకుంటుంది; ఈ ఎలుక సంచులు నోటికి బయట ఉంటాయి, వాటి లోపలంతా మెత్తటి బొచ్చు. దొరికిన గింజలను ముందు కాళ్ళతో చకచకా ఆ సంచుల్లోకి తోసేసుకుని, కలుగు చేరాక దులిపేస్తుంది. గింజలకు ఎంగిలి తడి అంటదు. దాచుకునే గింజ ఎండుగా ఉండాలని మన అమ్మమ్మలకూ తెలుసు, ఆ ఎలుకకూ తెలుసు!

ఈ జీవి నీరు తాగకుండా బతకగలదు. క్నూట్ ష్మిట్-నీల్సన్ అనే శాస్త్రజ్ఞుడు 1940ల చివర ఆరిజోనాలో ఈ సంగతిని పరీక్షించాడు. ఎండు బార్లీ గింజలు పెట్టి, చుక్క నీరు ఇవ్వకపోయినా ఎలుకలు హాయిగా ఉన్నాయి. గింజలోని పిండి ఒంట్లో ప్రాణవాయువుతో కలిసి ఖర్చయినప్పుడు కొంత నీరు పుడుతుంది. 100 గ్రాముల ఎండు బార్లీ నుంచి 50 గ్రాములకు పైగా నీరు వస్తుంది! మీకు నమ్మకం లేకపోతే పెద్దవాళ్ళను పక్కన ఉంచుకుని, వెలుగుతున్న కొవ్వొత్తి మంటకు కాస్త పైగా ఒక చల్లని గాజుగ్లాసును ఒక్క క్షణం బోర్లించి పట్టండి. గ్లాసు లోపల సన్నటి చెమ్మ పడుతుంది. మైనం కాలి నీరు పుట్టినట్టే, తిండి ఖర్చయి నీరు పుడుతుంది. మన ఒంట్లోనూ పుడుతుంది గాని అది మనకు చాలదు. మనం చెమట రూపంలోనూ, మూత్రం రూపంలోనూ చాలా నీరు పోగొట్టుకుంటాం. ఈ ఎలుకకు చెమట పట్టదు; మూత్రం కూడా చాలా చిక్కగా, కొంచెమే పోస్తుంది.

ఇంకొక రహస్యం కలుగులో ఉంది. వేసవి మధ్యాహ్నం ఎడారిలో నేల పైభాగం 60 డిగ్రీల సెంటిగ్రేడు దాటి కాలుతుంది. అదే సమయంలో కలుగు లోపల వేడి 30 డిగ్రీల దగ్గిర ఉంటుంది, గాలిలో కాస్త తేమ కూడా ఉంటుంది. అందుచేత ఎలుక పగలంతా లోపల నిద్రపోయి రాత్రి బయటికి వస్తుంది. అదీ చీకటి రాత్రులంటేనే దానికి ఇష్టం. పున్నమి వెన్నెలలో గుడ్లగూబకు సులువుగా కనబడిపోతుంది మరి!

ఇక ఆ కలుగు సంగతి చెబుతాను, మన కథకు అదే ముఖ్యం.

జెండాతోక ఎలుక కలుగు ఒక కన్నం కాదు, ఒక కోట. అది తవ్విన మట్టిని పైన పోస్తూ పోస్తూ ఉంటే దిబ్బ లేస్తుంది. ఒక్కొక్క దిబ్బ ఐదు అడుగుల నుంచి పదిహేను అడుగుల దాకా వెడల్పు, మూడు నాలుగు అడుగుల దాకా ఎత్తు ఉంటుంది. దానికి నాలుగు పక్కలా ద్వారాలు. లోపల అంతస్తులు అంతస్తులుగా సొరంగాలు, గింజలు దాచే కొట్లు, పడుకునే గూడు. ఇంత కోటలో ఉండేది ఒక్కటంటే ఒక్క ఎలుక! మరొక ఎలుక వస్తే వెనక కాళ్ళతో నేల మీద డబడబా దరువు వేసి, "ఇది నాది" అని చెబుతుంది. ఒక ఎలుక దరువుకూ ఇంకొక ఎలుక దరువుకూ తేడా ఉంటుందట. పాము వచ్చినా దరువు వేస్తుంది. "నిన్ను చూశాను, ఇక దాక్కుని లాభం లేదు" అని పాముకు తెలియటానికే అలా చేస్తుందని శాస్త్రజ్ఞులు అంటారు.

ఇలాంటి దిబ్బ లేవటానికి సుమారు రెండేళ్ళు పడుతుంది. ఎలుక కొద్ది ఏళ్ళే బతుకుతుంది గాని దిబ్బ దశాబ్దాల పాటు నిలుస్తుంది. తల్లి దిబ్బలో పిల్ల కాపురం పెట్టటం కద్దు. ఒక ఎలుక పోతే ఇంకొక ఎలుక వచ్చి చేరుతుంది. ఖాళీ పడితే బల్లులూ, పాములూ, పురుగులూ వచ్చి తలదాచుకుంటాయి.

ఇప్పుడు ఆ దిబ్బ కింద మట్టి ఏమవుతున్నదో ఆలోచించండి. ఎడారి నేల పైన అట్టకట్టి గట్టిగా ఉంటుంది. వాన పడినప్పుడు నీరు ఇంకేలోపుగానే చాలా భాగం జారిపోతుంది. ఎలుక తవ్విన చోట మట్టి గుల్ల అవుతుంది. లోపలి మట్టి పైకి, పై మట్టి లోపలికి పోతుంది. మన రైతు నాగలితో చేసే పని ఇదే. పైగా గింజల పొట్టూ, తినగా మిగిలి కుళ్ళిన గింజలూ, పెంటికలూ ఏళ్ళ తరబడి ఆ మట్టిలో కలుస్తాయి. అందుచేత దిబ్బ మట్టిలో నత్రజని చుట్టుపక్కల నేలకంటె ఎక్కువగా ఉంటుంది. నత్రజని అంటే మన రైతులు యూరియా చల్లి పైరుకు అందించేదే. అంటే ఎడారి మధ్య ఎలుక పెంటపోగు వేసిన మడి అన్నమాట!

మరి ఆ మడిలో ఏం మొలుస్తుంది? చుట్టూ మొలిచేదే మొలవదు. ఏళ్ళ తరబడి ఒకే చోట వేళ్ళూనే గడ్డి దుబ్బులు దిబ్బ మీద తగ్గిపోతాయి. మాటిమాటికీ తవ్వే చోట అవి నిలవలేవు. ఒక వానకు మొలిచి, ఆ నెలా రెండు నెలలలోనే పూచి, విత్తనం రాల్చి చచ్చిపోయే చిన్న మొక్కలు అక్కడికి వస్తాయి. కాస్త ఎత్తు మీది నుంచి చూస్తే ఒకే మైదానంలో వేరు వేరు మొక్కలతో మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది.

అన్నిచోట్లా తవ్వటం మేలే చేస్తుందని అనుకోకండి. మన దేశంలో థార్ ఎడారిలో మరొక జాతి ఎడారి ఎలుక ఉంది. అది పగటి పూటే తిరుగుతుంది. జోధ్‌పూర్‌లో ఉన్న కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థలో దాన్ని గురించి చాలా కాలం పరిశోధన చేశారు. అక్కడి నేల ఇసుక నేల. ఎలుకలు వదులు చేసి పైకి తెచ్చిన ఇసుకను రాజస్థాన్ వేసవి గాలి ఎగరేసుకుపోతుంది. ఆరిజోనా గట్టి నేలను గుల్ల చేయటం వేరు, థార్ ఇసుకను కదిలించటం వేరు. పని ఒకటే అయినా నేలను బట్టి ఫలితం మారిపోతుంది.

సరే, ఆరిజోనాకే వద్దాం. అక్కడ పశువులను మేపుకునే వాళ్ళకు కంగారూ ఎలుకంటే గిట్టేది కాదు. 1922లో చార్లెస్ వోరిస్, వాల్టర్ టేలర్ అనే ఇద్దరు జెండాతోక ఎలుక జీవితం గురించి ఒక నివేదిక ప్రచురించారు. వాళ్ళు దిబ్బలు తవ్వి లోపలి గింజలు తూచి చూశారు. కొన్నిటిలో పిడికెడు గింజలు కూడా లేవు. ఒక దిబ్బలో అయిదు కిలోలకు మించి ఉన్నాయి! అంటే ఎలుక తన బరువుకు నలభై రెట్లకు పైగా తిండి దాచిందన్నమాట. కరువు రోజుల్లో పశువులకు గడ్డి లేక బాధపడుతున్నవాడికి ఈ లెక్క వింటే కడుపు మండదూ? ఆ కాలంలో అమెరికా పడమటి భాగంలో ఇలాంటి జంతువులను చంపటానికి విషం కలిపిన ధాన్యం విరివిగా చల్లారు. ఎలుక గడ్డికి శత్రువనీ, పోతే పీడ పోతుందనీ వాళ్ళ నమ్మకం.

ఆ నమ్మకం నిజమా, కాదా? దీనికి జవాబు మరి యాభై అయిదేళ్ళ తరవాత మొదలైన ఒక ప్రయోగంలో ఉంది. తమాషా ఏమంటే, ఆ ప్రయోగం ఈ ప్రశ్న కోసం మొదలుపెట్టలేదు.

ఆరిజోనా ఆగ్నేయ మూలన పోర్టల్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి దగ్గిర ఎడారిలో జేమ్స్ బ్రౌన్ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయనతో పనిచేసేవారూ 1977లో 24 మళ్ళు ఏర్పాటు చేశారు. ఒక్కొక్క మడి 50 మీటర్ల పొడుగు, 50 మీటర్ల వెడల్పు. ప్రతి మడికీ చుట్టూ సన్నని తీగ వలతో కంచె వేసి, అంచు భూమిలోకి పాతారు. ఎలుకలూ, గింజలు తినే చీమలూ ఒకే గింజల కోసం పోటీ పడతాయి కదా, ఒకరు లేకపోతే ఇంకొకరు బాగుపడతారా అని చూడటం వాళ్ళ ఉద్దేశం.

కంచెలో కన్నాలు పెట్టటంలో ఉంది తెలివి. కొన్ని మళ్ళ కంచెలకు పెద్ద కన్నాలు పెట్టారు. అన్ని ఎలుకలూ ఇష్టం వచ్చినట్టు రావచ్చు, పోవచ్చు. కొన్నిటికి చాలా చిన్న కన్నాలు పెట్టారు. చిట్టెలుకలు దూరగలవు గాని కంగారూ ఎలుక తల పట్టదు! కొన్నిటికి అసలు కన్నాలే లేవు. పోలిక చూడటానికి ఇంతకంటె చక్కని ఏర్పాటు ఏముంటుంది? వాన ఒకటే, ఎండ ఒకటే, నేల ఒకటే. తేడా అల్లా ఎలుకే.

తరవాత చేసింది ఓపికతో కూడిన పని. ప్రతి నెలా అమావాస్యకు దగ్గిరగా వెళ్ళి, రాత్రికి బోనులు పెట్టి, తెల్లవారి ఏ మడిలో ఏ ఎలుక పడిందో రాసుకుని, తూచి, గుర్తు పెట్టి వదిలేయటం. మొక్కలు మొలిచే కాలంలో మొక్కలు లెక్కపెట్టటం. మీరు పెరట్లో చిక్కుడు గింజ నాటి మర్నాడే మొలిచిందా అని తవ్వి చూసే రకమైతే ఈ ఉద్యోగం మీకు పనికిరాదు.

ఎలుకలు లేకపోతే చీమలు పెరుగుతాయన్న ఊహ ఏమయింది? పోర్టల్ ప్రయోగానికి కాస్త ముందు ఆరిజోనాలోనే మరొక ఎడారిలో బ్రౌన్, డయేన్ డేవిడ్‌సన్ కలిసి ఎలుకలను తీసేసి చూసినప్పుడు మొదట చీమలు నిజంగానే పెరిగాయి. తిండికి పోటీ లేదు మరి! అయితే ఇంకా కొంత కాలం చూస్తూ ఉంటే చీమలు తగ్గటం మొదలుపెట్టాయి. శత్రువు పోయాక చీమలకు వచ్చిన ఆపద ఏమిటి?

సంగతి ఇదీ. ఎలుకలు ఏరుకునేది ఎక్కువగా పెద్ద గింజలను. చీమలు మోసుకుపోయేది చిన్న గింజలను. ఎలుకలు లేకపోవటంతో పెద్ద గింజల మొక్కలు బతికిపోయి, ఏటికేడు పెరిగాయి. పెద్ద గింజలో తిండి నిలవ ఎక్కువ ఉంటుంది గనక దాని మొలక బలంగా లేస్తుంది. పక్కనున్న చిన్న గింజల మొలకలకు వెలుతురూ, నీరూ అందకుండా చేస్తుంది. చిన్న గింజల మొక్కలు తగ్గితే చీమలు ఏం తింటాయి? ఇన్నాళ్ళూ ఎలుక పెద్ద మొక్కలను అదుపులో ఉంచుతూ తనకు తెలియకుండానే చీమల తిండిని కాపాడుతూ వచ్చిందన్నమాట. ఎదురెదురు అంగళ్ళ వర్తకులు ఒకరి పొడ ఒకరికి గిట్టకపోయినా, ఒక అంగడి మూతపడితే బజారే పాడుబడి రెండో అంగడికీ బేరం లేకుండా పోయినట్టుంది ఇది. 1984లో ఈ సంగతి ప్రకటించారు.

ఇంతలో పోర్టల్‌లో మరొక మార్పు నెమ్మదిగా జరుగుతూ వచ్చింది. మొదటి ఏళ్ళలో పెద్దగా కంటికి ఆనలేదు. పన్నెండేళ్ళు గడిచేసరికి మాత్రం చూసి తీరవలసినట్టు తయారయింది. కంగారూ ఎలుకలు లేని మళ్ళలో తుప్పల మధ్య బోడి నేల పోయింది. ఎత్తయిన గడ్డి లేచింది! లెక్క పెడితే అది పక్క మళ్ళలోకంటె సుమారు మూడు రెట్లుంది. ఆ గడ్డిలో ఒకటి మనకు పరాయిది కాదు. మన మెట్ట నేలల్లో కోసి చీపుళ్ళు కట్టే గడ్డికి అది దగ్గిర చుట్టం. ఇంకొకటి దక్షిణాఫ్రికా నుంచి అమెరికాకు తెచ్చి చల్లిన గడ్డి.

గడ్డి వచ్చాక దాని వెంట ఇతరులు వచ్చారు. గడ్డి మైదానాలలో బతికే ఎలుకలు, అంతకు ముందు ఆ తుప్పల నేలలో ఉండనివి, ఆరు జాతులు వచ్చి చేరాయి. నేల మీద గింజలు ఏరుకుతినే పిట్టలు రావటం తగ్గిపోయింది. గడ్డీ గాదమూ దట్టంగా పరుచుకుంటే గింజ కనబడదు కదా! పక్క మడిలో మాత్రం కంగారూ ఎలుకలు గెంతుతూనే ఉన్నాయి, తుప్పలూ బోడి నేలా ఎప్పటిలాగే ఉన్నాయి. రెండిటి మధ్యా అడ్డం ఒక తీగ వల!

1990లో బ్రౌన్, ఎడ్వర్డ్ హెస్కే కలిసి ఈ ఫలితాలను ప్రకటించారు. గడ్డి ఎందుకు పెరిగింది? కంగారూ ఎలుక గడ్డి గింజలు తింటుంది. గడ్డి కాడలను కొరికి పడేస్తుంది కూడా. పైగా ఎప్పుడూ నేలను తవ్వుతూ, గింజలు పాతుతూ, పాతిన వాటిని మళ్ళీ పైకి తీస్తూ ఉంటుంది. అలా కలియబెట్టే నేలలో గడ్డి దుబ్బు కుదురుకోవటం కష్టం. ఈ మూడు పనులూ ఆగిపోయాయి. మిగిలిన చిట్టెలుకలు చిన్న కన్నాల గుండా యథేచ్ఛగా వస్తూ పోతూనే ఉన్నాయి గాని, కంగారూ ఎలుక పని వాటివల్ల కాలేదు. ఏడెనిమిది గ్రాముల చిట్టెలుక ఎంత తవ్వగలదు?

రాళ్ళతో కమాను కట్టటం మీరు చూసే ఉంటారు. పాత కోట గుమ్మాలకు ఉంటుంది. కమాను నడినెత్తిన ఒక రాయి ఉంటుంది. అది మిగిలిన రాళ్ళకంటె పెద్దది కానక్కరలేదు. దాన్ని లాగేస్తే మాత్రం కమాను నిలవదు. ప్రకృతిలో అలాంటి పాత్ర వహించే ప్రాణులను శాస్త్రజ్ఞులు ఆ రాయి పేరుతోనే పిలుస్తారు. పోర్టల్ ఎడారికి నడినెత్తిరాయి మూడు జాతుల కంగారూ ఎలుకలని తేలింది.

"అయితే పశువుల కాపరులు అన్నది నిజమే కదా! ఎలుక గడ్డికి శత్రువే కదా!" అని మీలో ఎవరో ఈపాటికి అనే ఉంటారు. ఆ చోట, ఆ గడ్డికి, నిజమే. కాని అక్కడి నుంచి ఉత్తరానికి నెవాడా రాష్ట్రానికి వెళితే కథ తిరగబడుతుంది. అక్కడి ఇసుక నేలల్లో ఒక రకం గడ్డి ఉంది. దాన్ని ఇంగ్లీషులో "ఇండియన్ రైస్‌గ్రాస్" అంటారు. ఇండియన్ అంటే మనం కాదు, అమెరికా ఆదివాసులు. వాళ్ళు పూర్వం దాని గింజలు దంచి తినేవారు. ఈ గింజకు పెంకు మహా గట్టి. రాలిన చోట ఊరికే పడి ఉంటే మొలవటం కష్టం. కంగారూ ఎలుక ఆ గింజలను బుగ్గసంచుల్లో వేసుకుపోయి, కొంచెం కొంచెంగా పలుచోట్ల ఒకటి రెండు అంగుళాల లోతున పాతుతుంది. అన్నిటినీ మళ్ళీ తవ్వి తినలేదు. కొన్ని మిగిలిపోతాయి. వాన పడ్డాక ఆ పాతిన చోట్ల నుంచి గుత్తులు గుత్తులుగా మొలకలు వస్తాయి. అక్కడ ఆ గడ్డి మొలకలలో చాలా భాగం ఇలా ఎలుకలు పాతినవేనని పరిశోధనలలో తేలింది. ఆరిజోనాలో గడ్డిని లేవనివ్వనిదీ ఎలుకే, నెవాడాలో గడ్డి విత్తేదీ ఎలుకే!

కాలిఫోర్నియాలో ఉన్న జాతి వీటన్నిటిలోకీ పెద్దది. దాన్ని పెద్ద కంగారూ ఎలుక అంటారు. దాని అలవాటు వింటే మీకు నవ్వు వస్తుంది. ఎండాకాలం మొదట్లో అది గడ్డి కంకులు కొరికి తెచ్చి తన కలుగు పైన చిన్న చిన్న వాములు వేస్తుంది! బాగా ఎండాక లోపలికి చేరవేసుకుంటుంది. కోతకోసి కుప్ప వేసి, ఆరాక గాదెకు చేర్చే కాపుకు ఇది ఏం తీసిపోయింది? దాని కలుగులున్న చోట గడ్డి మరింత పచ్చగా, సారంగా ఉంటుంది. ఎలుకలు ఎక్కడున్నాయో తెలుసుకోవాలంటే విమానంలో పైనుంచి ఆ మచ్చలు చూసి చెప్పేయవచ్చు. అయితే ఆ తవ్విన నేలలో యూరప్ నుంచి వచ్చిపడిన పరాయి గడ్డి కూడా బాగా కుదురుకుంటుంది. అందుచేత ఎలుక మంచిదా చెడ్డదా అని ఒక్క మాటలో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు.

ఈ పెద్ద కంగారూ ఎలుక ఉండే లోయ మంచి పంట భూమి. కాలువలు వచ్చి, నేలంతా సాగులోకి రావటంతో అది ఉండే చోటులో నూటికి తొంభై అయిదు పాళ్ళకు పైగా పోయింది. 1987లో అమెరికా ప్రభుత్వం దాన్ని అంతరించిపోయే ప్రమాదమున్న జంతువుల జాబితాలో చేర్చింది. ఆ ఎలుకను తిని బతికే ఒక చిన్న నక్క, దాని కలుగుల్లో దూరి ఎండ తప్పించుకునే ఒక బల్లి కూడా అదే జాబితాలో ఉన్నాయి.

పోర్టల్ మళ్ళ కథలో ఇంకొక ముక్క మిగిలిపోయింది. 1990 నాటి ఫలితాలతో బ్రౌన్ బృందం కంచెలు పీకేయలేదు. నెల నెలా అమావాస్యకు బోనులు పెడుతూనే వచ్చారు. 1995-96 ప్రాంతంలో వాళ్ళ బోనుల్లో ఒక కొత్త ఎలుక పడసాగింది. అది కూడా బుగ్గసంచులున్నదే, బెయిలీ ఎలుక అని దాని పేరు. బరువు 30 గ్రాముల దాకా ఉంటుంది. అయినా చిన్న కన్నంలో దూరగలదు. కంగారూ ఎలుకలున్న మళ్ళ జోలికి అది అంతగా పోలేదు. వాళ్ళు లేని మళ్ళలోనే వచ్చి స్థిరపడింది. చూస్తూండగానే, కంగారూ ఎలుకలు తినకుండా వదిలిపోయిన గింజలలో చాలా భాగం అది తినటం మొదలుపెట్టింది.

అంటే ఖాళీగా ఉన్న ఉద్యోగానికి మనిషి దొరకటానికి దాదాపు ఇరవయ్యేళ్ళు పట్టిందన్నమాట. ఆ కొత్త ఎలుక కూడా అక్కడ ఎల్లకాలం నిలవలేదు. మరొక పది పదిహేనేళ్ళకు దాని సంఖ్య మళ్ళీ పడిపోయింది.